నూజివీడు సముద్రంలో మూడు రోజులు

సముద్రం పక్కన పుట్టి, ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టే ఇంట్లో పెరిగి, ఇప్పటికీ బందరులోనే పంతులమ్మగా పనిచేస్తున్న నన్ను సముద్రం చూపిస్తాం రమ్మని నూజివీడు పిలిచారు. నూజివీడులో సముద్రమేంటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మామిడితోటల మధ్య ఎనిమిదెకరాల్లో ఇసుక పోసి, కొబ్బరిచెట్లు పాతి, మోటార్లతో అలలు పుట్టించి బీచ్ రిసార్టు కట్టారు. కట్టింది మా విజయ వాళ్లు. పిలిచిందీ విజయే.

విజయ, పద్మజ, నేను బందరులో డిగ్రీ కలిసి చదివాం. వాళ్లిద్దరూ హాస్టల్లో ఉండేవారు, నేను ఇంటి నుంచి వెళ్లేదాన్ని. పద్మజ ఇప్పుడు విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. విజయకు నూజివీడు దగ్గర నలభై ఎకరాల మామిడితోట ఉన్న ఇంటికి కోడలుగా వెళ్లే రాత ఉంది, వెళ్లింది. ఆ ఏడాది నుంచి ప్రతి వేసవిలో నాకు ఒక బుట్ట చిన్నరసాలు వచ్చేవి. వరిగడ్డిలో పేర్చి, పైన గోనెపట్టా కుట్టి, బందరు బస్సులో వేయించేది. నేను బస్టాండుకు వెళ్లి తెచ్చుకునేదాన్ని. ఇరవై రెండు వేసవులు, ఇరవై రెండు బుట్టలు. మా వీధిలో నాకున్న గొప్పలో సగం ఆ బుట్టదే.

రెండేళ్లుగా బుట్ట రావడం లేదు. ఫోన్లో మాట్లాడుతుంది, పండగలకు ఫొటోలు పంపుతుంది, బుట్ట ఊసు మాత్రం ఎత్తదు. అడగడానికి నాకు నామోషీ. రిసార్టు కట్టాక కళ్లు నెత్తికెక్కాయి కాబోలు అనుకున్నాను. ఈ ప్రయాణానికి నేను ఒప్పుకున్నది అలల కోసం కాదు. విజయ దగ్గర నా చోటు నాకే ఉందా, ఇంకెవరికైనా ఇచ్చేసిందా అన్నది తేల్చుకోవాలని వెళ్లాను. మే నెల చివరి వారం, బడికి సెలవులు, అసూయ పడటానికి కావలసినంత తీరిక.

హనుమాన్ జంక్షన్

గుడివాడ దాటాక బస్సులో నా పక్కన ఉంగుటూరు వెళ్లే పెద్దాయన కూర్చున్నారు. వరి రైతు. ఎక్కడికని అడిగితే చెప్పాను. బందరు వాళ్లు నూజివీడు బీచికి వెళ్లడం ఆయనకు భలే నవ్వు తెప్పించింది. తరువాత, పాపం నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, తన మనవలు వెళ్లొచ్చారని, చాలా బాగుందన్నారని, బందరు సముద్రం కంటే శుభ్రంగా ఉంటుందట అని చెప్పారు. నాకు ఒళ్లు మండింది. మా సముద్రాన్ని మేం తిట్టుకుంటాం. నల్ల ఇసుక, పాదం దిగబడే బురద, ఒడ్డున ప్లాస్టిక్ సంచులు, అన్నీ ఒప్పుకుంటాం. కానీ మోటారు పెట్టిన నీళ్లతో పోల్చి తక్కువ చేస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

జంక్షన్‌లో పద్మజ కారుతో నా కోసం ఆగుతానంది. అరగంట ముందే దిగాను కాబట్టి రోడ్డు పక్క మామిడిపళ్ల బండ్ల దగ్గర నిలబడ్డాను. బంగినపల్లులు గుట్టలుగా ఉన్నాయి. చిన్నరసాలున్నాయా అని అడిగితే, అమ్మే ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. మంచి రసం రోడ్డు మీదకు రాదమ్మా, చెట్టు తెలిసినవాళ్ల ఇళ్లకే పోతుంది అంది. ఆ మాట విని ముందు గర్వపడ్డాను. ఇరవై రెండేళ్లు చెట్టు తెలిసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తరువాత ఇప్పుడు లేనని గుర్తొచ్చింది.

పద్మజ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పెద్ద అంచు టోపీ, పూల గౌను. హవాయి వెళ్తున్నట్టు తయారై వచ్చింది. బాపులపాడు దాటి నూజివీడు రోడ్డెక్కాక రెండు పక్కలా తోటలు మొదలయ్యాయి. కొమ్మలు నేలకు తగిలేంత కాపు. పద్మజ వాటిని చూస్తూ మామూలుగా అనేసింది: "పోయినేడు విజయ పంపిన పళ్లు ఎంత బావున్నాయే. మా అపార్టుమెంట్లో అందరికీ పంచినా మిగిలాయి."

నేను కిటికీ వైపు తిరిగి, అవునా అన్నాను. పద్మజ మామిడిపండును చాకుతో ముక్కలు కోసుకుని ఫోర్కుతో తినే మనిషి. రసాన్ని చేత్తో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క పారబోసి నోట పెట్టుకోవాలని కూడా దానికి తెలియదు. దానికి బుట్ట వెళ్లింది. నాకు రాలేదు. మిగతా దారంతా నేను ఏసీ ఎక్కువైందని చెప్పి మాట్లాడకుండా కూర్చున్నాను.

తోట మధ్య సముద్రం

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. అది బాగుంది. బాగుండకూడదని నేను ఎంత కోరుకున్నా బాగుంది. గేటు దాటగానే తెల్లటి ఇసుక. ఎక్కణ్నుంచో వేళ్లతో సహా పెకలించి తెచ్చి పాతిన కొబ్బరిచెట్లు, ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఒక్కోదానికి మూడేసి వెదుళ్ల ఊత. తాటాకు కప్పిన గుడిసెలు, దగ్గరికి వెళ్లి ముట్టుకుంటే ప్లాస్టిక్. మధ్యలో నీలం రంగు సముద్రం. ఒక వైపు మోకాలి లోతు, రెండో వైపు గోడ దగ్గర నిలువు లోతు. గంటకోసారి సైరన్ మోగుతుంది, పావుగంట సేపు అలలు వస్తాయి, మళ్లీ సైరన్ మోగి సముద్రం ఆగిపోతుంది. ఆగినప్పుడు అందరూ అక్కడే నీళ్లలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

మెడలో పూలదండ వేశారు. కొబ్బరిబొండంలో కాగితం గొడుగు గుచ్చి ఇచ్చారు. జంక్షన్‌లో నలభై రూపాయలకు తాగిన బొండమే, గొడుగుతో కలిపి నూట యాభై. భోజనాల దగ్గర చేపలున్నాయి కానీ అవి ఏ చేపలో వడ్డించే ఆయనకు తెలియదు, సీ ఫిష్ మేడమ్ అన్నాడు. సముద్రంలో వెయ్యి రకాల చేపలుంటాయని చెప్పబోయి ఊరుకున్నాను. మా ఇంట్లో చేప పేరు చెప్పకుండా కూర వడ్డిస్తే ఎవరూ ముద్ద ముట్టరు.

మధ్యాహ్నం అలల దగ్గర మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కనిపించింది. కుటుంబమంతా క్యారేజీలతో వచ్చారు. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలో దిగి, దోసిలితో తీసి తలమీద చల్లుకుని, దణ్ణం పెట్టుకుని, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. ముఖం చిట్లించి నన్ను చూసి అడిగింది: "ఉప్పగా లేదేంటమ్మా?"

ఇది మంచినీళ్ల సముద్రమని చెప్పాను. వెటకారంగానే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, పోనీలే కళ్లు మండవు అని, మళ్లీ మూడు మునకలు వేసింది. ఆవిడ సంతోషం చూస్తే నాకు ముచ్చటేయాలి. ఆ రోజు అది కూడా వేయలేదు.

విజయ నాలుగింటికి వచ్చింది. వంటశాల తాళాలు నడుముకు, చేతిలో ఫోను, నూలు చీర, జుట్టు కాస్త నెరిసింది. ముందు పద్మజను కౌగిలించుకుంది. పద్మజ నాకంటే నాలుగడుగులు ముందు నిలబడి ఉంది, అందుకే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా చూసి మనసులో పెట్టుకున్నాను.

ఎవరి తోట, ఎవరి కాయ

సాయంత్రం మమ్మల్ని రిసార్టు వెనక్కి తీసుకెళ్లింది. తీగ కంచె, చిన్న గేటు, అవతల వాళ్ల తోట. మొదటి వరసలన్నీ చిన్నరసాలే. కాయలు గుత్తులుగా, ఒక చెంప మీద లేత పసుపు తిరుగుతూ ఉన్నాయి. పద్మజ సెల్ఫీకి ఒక కొమ్మను దగ్గరకు లాగబోతే విజయ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ ఊళ్ల పద్ధతి అప్పుడు చెప్పింది. పూత మీద ఉండగానే తోటను వ్యాపారికి అమ్మేస్తారు. ఎంత కాస్తుందన్నది ఆయన అదృష్టం. అమ్మిన రోజు నుంచి కోతలయ్యేదాకా చెట్టు మీద ఆకు కూడా రైతుది కాదు. వాళ్ల తోట పదిహేనేళ్లుగా బాషా గారనే వ్యాపారి కొంటున్నారు. కాపలాకు ఆయన మనుషులే గుడిసె వేసుకుని ఉంటారు. రాలిన కాయను కూడా తాము ముట్టుకోమని, ఈ మాట మీదే ఇన్నేళ్లుగా కాగితం లేకుండా నడుస్తోందని చెప్పింది.

నా బుర్రకు అది మరోలా ఎక్కింది. నలభై ఎకరాల తోటకు కోడలు, మూడు కాయలు కోసుకోలేదా? మాకు పళ్లు ఇవ్వకుండా ఉండటానికి చెప్పే సాకు ఇది అనుకున్నాను. అప్పుడే పద్మజ, అయితే పోయినేడు నాకు పంపినవి ఎక్కడివే అని అడిగింది. విజయ నా వైపు ఒక చూపు చూసి, దోమలు మొదలయ్యాయి పదండి అంది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసనుకున్నాను. పద్మజకు ఇవ్వడానికి దారి ఉంది, నాకు ఇవ్వడానికి లేదు.

మూడు కాయలు

మర్నాడు పొద్దున్నే పద్మజ లేవక ముందే నడకకని బయల్దేరాను. అంతవరకు నడకే. కంచె గేటుకు గొళ్లెం పెట్టి ఉందే గాని తాళం లేదు. లోపల చల్లగా, మామిడాకు వాసనతో ఉంది. మొదటి వరసలో మూడో చెట్టు కింద నిలబడి, నాకు రావలసిన రెండు బుట్టల్లోంచి మూడు కాయలు తీసుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నలభై ఆరేళ్లు, ఎనిమిదో తరగతి పిల్లలకు బయాలజీ చెబుతాను. నేను ఆ పని చేశాను.

కాయ అందలేదు. కొమ్మ వంచాను. అది పటుక్కున విరిగింది. ఒక్కో కాయా పట్టి లాగాను. రెండోది లాగినప్పుడు తొడిమ దగ్గర్నుంచి సొన చిమ్మి ఎడమ చెంప మీద పడింది. చున్నీతో తుడుచుకున్నాను. మామిడికాయ సొన అంటే వినడమే గాని, అది ఏం చేస్తుందో బందరులో మాకు తెలియదు. మాకు పళ్లు గడ్డిలో మాగి వస్తాయి.

కాయలు చున్నీలో చుట్టుకుని తిరిగితే ఎదురుగా ఒకావిడ, చేతిలో నీళ్ల బిందె. కాపలా మనిషి మరియమ్మ. నా మెడలో సిలువ చూసి ఆవిడ ముఖం విప్పారింది.

"వందనాలండీ," అంది.

నేనూ వందనాలు చెప్పాను. ఆవిడది బాపులపాడు అవతల పల్లె. భర్తతో కలిసి రెండు నెలలు తోటలోనే ఉంటారట, ఆదివారం ప్రార్థనకు మాత్రం ఇద్దరిలో ఒకరు వెళ్లొస్తారట. ఈ వారం తన వంతు కాదని, నన్ను తన కోసం కూడా ప్రార్థన చేయమని అడిగింది. అలాగేనన్నాను. ఆవిడ కళ్లు నా చున్నీ మూట మీద ఆగాయి, వెంటనే తిప్పుకుంది. నేను గది చేరి, కాయలను చీరల అడుగున దాచాను. అప్పుడు చూస్తే అవి పచ్చి రాళ్లు. వారం పది రోజులు గడ్డిలో పెడితే గాని తినడానికి పనికిరావు.

తొమ్మిదింటికల్లా చెంప భగభగ మండటం మొదలైంది. చెవి దగ్గర్నుంచి దవడ దాకా ఎర్రగా కమిలింది. పద్మజ అది ఎండదెబ్బని తేల్చి, కలబంద జెల్ రాసి, టోపీ పెట్టుకోమంటే వినవు అని మందలించింది.

విజయ ఇంట్లో భోజనం

మధ్యాహ్నం భోజనానికి విజయ తన ఇంటికి తీసుకెళ్లింది. రిసార్టుకు కూతవేటు దూరం. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, ముక్కల పులుసు, గడ్డపెరుగు. పప్పులో కాయ నూజివీడు బజారులో కొన్నదని మాటల మధ్యలో చెప్పింది. మామిడికాయలు కొనుక్కునే తోటవాళ్లను మొదటిసారి చూశాను. విజయ ఒకటి రెండుసార్లు నా చెంప వైపు చూసింది. ఎండదెబ్బని పద్మజ నా బదులు చెప్పింది.

పెరుగన్నం దగ్గర ఉండగా వాకిట్లో ఎవరో పిలిచారు. బాషా గారు. అరవై దాటిన మనిషి, తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు. వెనక మరియమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. రిసార్టు వైపు వరసలో కొమ్మ విరిచారని, కాయలు లాగేశారని, గేటు దగ్గర కాపలా ఉన్నది మరియమ్మేనని ఆయన చెప్పారు. కోపంగా చెప్పలేదు. వచ్చే అతిథులను ఆవిడే లోపలికి వదులుతోందని తనకు అనుమానమని, రేపటి నుంచి ఆ మొగుడూపెళ్లాలను పంపేసి వేరేవాళ్లను పెట్టుకుంటానని, విజయకు ఒక మాట చెప్పి పోదామని వచ్చానని అన్నారు.

మరియమ్మ తలెత్తి నన్ను చూసింది. ఒక్క క్షణం. మళ్లీ తల దించుకుంది. ఒక్క మాట చెబితే ఆవిడ పని నిలబడుతుంది. ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను. చేతికి పెరుగన్నం అంటుకుని, పద్మజ పక్కన అలాగే కూర్చున్నాను. విజయ ముందు దొంగగా నిలబడటం కంటే ఇంకెవరైనా పోవడమే నయమని ఆ నిమిషంలో నాకు అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

విజయ చెయ్యి కడుక్కుంది. నా చెంప వైపు తిన్నగా చూసింది. ఈసారి ఎక్కువసేపు చూసింది. వాకిట్లోకి వెళ్లింది.

"ఆవిణ్ని ఏమీ అనకండి బాషా గారూ. పొద్దున నేనే కోశాను."

"మీరా అమ్మా?"

"నేనే. మాట తప్పాను. కోతలయ్యేదాకా రోజూ పొద్దునా సాయంత్రం నేనే వచ్చి మరియమ్మతో పాటు తోటంతా తిరుగుతాను. ఆ కాపలా బాధ్యత నాది."

బాషా గారు మరియమ్మ వైపు ఒకసారి చూశారు. తరువాత, మీరు చెప్పాక ఇంకేముందమ్మా అని తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయారు. పద్మజ, మీ తోటలో మీరు కోసుకుంటే ఆయనకేంటంట అని విసుక్కుంది. విజయ మాకు మజ్జిగ పోసింది.

అలల గంట

ఆ సాయంత్రం పద్మజ నీళ్లలో ఫొటోలు దిగుతుంటే మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. విజయ చిన్న గిన్నెలో కొబ్బరినూనె తెచ్చింది. ఏమీ అడగకుండా నా ముఖం తిప్పి చెంపకు రాయడం మొదలుపెట్టింది. సొన పడగానే నీళ్లతో కడుక్కోవాలి, చున్నీతో తుడిస్తే ఇంకా పాకుతుంది అంది.

"ఎందుకు కోశావే?" అని అప్పుడు అడిగింది.

"నువ్వు పంపలేదుగా."

నూనె రాస్తున్న చెయ్యి ఆగింది. ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలియలేదు. చెప్పడం మొదలుపెట్టింది. తోట అమ్మినా ప్రతి ఇల్లూ ఒక చెట్టును బేరంలో కలపకుండా ఇంటికి ఉంచుకుంటుంది. వాళ్ల ఇంటి చెట్టు చిన్నరసం. ఇరవై రెండు బుట్టలూ ఆ ఒక్క చెట్టువే. రిసార్టుకు గీతలు గీసినప్పుడు సముద్రానికి తవ్వాల్సిన గుంట ఆ చెట్టు మీదుగా వచ్చింది. మా ముందు కుర్రాళ్లు ఈత కొడుతున్న చోటును, లోతు వైపు గోడ దగ్గర, చూపించింది.

"పక్కకు జరపమని చెప్పొచ్చుగా?"

"అడిగాను. సముద్రం చిన్నదైపోతుందన్నారు. సరే కొట్టేయండన్నాను."

ఈ మామిడితోటలో సముద్రం ఎవరి ఆలోచన అని అడిగితే తనదే అంది. ఇంట్లో వాళ్లు కళ్యాణమంటపం కడదామన్నారట, తనే పట్టుబట్టిందట. కాలేజీ మొదటి ఏడాది ఒక ఆదివారం నేను తనను మంగినపూడి తీసుకెళ్లానట. నాకు లీలగా గుర్తుంది. తను అప్పటిదాకా సముద్రం చూడలేదు, ఒడ్డున చెప్పులు పట్టుకుని భయంగా నిలబడితే నేను నడుము లోతుకు వెళ్లి, ఇది మా సముద్రం, జాగ్రత్తగా దిగు అని అరిచానట. "మా సముద్రం అన్నావు. ఆ మాటకు నాకు ఎంత కడుపు మండిందో. మా ఊళ్లో నాకు మాది అనిపించేది ఏమీ లేదు అప్పటికి. పెళ్లయ్యాక ఇన్ని ఎకరాలున్నా అది పోలేదు," అంది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మాట విని నాకు ముందు కలిగింది జాలి కాదు, సంతోషం. నన్ను చూసి ఒక మనిషి పాతికేళ్లకు పైగా అసూయపడింది. ఎనిమిదెకరాలు తవ్వేంత అసూయ. నాది మూడు కాయల అసూయ. ఆ సంతోషం ఎంతోసేపు లేదు, ఎందుకంటే పద్మజ సంగతి గుర్తొచ్చి అదీ అడిగేశాను.

"అవి మార్కెట్లో కొన్నవి. పద్మజకు ఏదైనా ఒకటే, తీపిగా ఉంటే చాలు. నీకు కొన్నవి పంపడానికి చెయ్యి రాలేదు. చెట్టు లేదని చెబితే ఎందుకు కొట్టించావంటావు. ఏం చెప్పను?"

సైరన్ మోగింది. అలలు మొదలై పిల్లలు అరుస్తున్నారు. నాకు ఊరుకోవడం చేతకాదు, మిగిలిన ఒక్క ఫిర్యాదు కూడా బయటపెట్టాను. ఇరవై నాలుగేళ్లలో నన్నొక్కసారి కూడా మీ తోటకు పిలవలేదేం అన్నాను. అత్తగారు ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఎవర్నైనా పిలిచే హక్కు తనకు లేదని చెప్పింది. తరువాత గిన్నె మూత పెడుతూ నన్ను అడిగింది.

"నువ్వు నన్ను పిలిచావా, కరుణా?"

పిలవలేదు. పళ్లు బాగున్నాయని ఫోన్ చేసేదాన్ని. టెంకలు కూడా పాతిపెట్టామని చెప్పేదాన్ని. ఒకసారి వచ్చి పో అని నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. రాకపోవడానికి కారణం కూడా లేదు. ఆమెకు నలభై ఎకరాలు, నాకు రెండు గదులు, అంతే అనుకుంటాను.

తిరుగు దారి

ఆదివారం పొద్దున పద్మజ సామాను సర్దుతుంటే నేను మూడు కాయలూ తీసుకుని తోటలోకి వెళ్లాను. బాషా గారు కోత మనుషులతో వచ్చి ఉన్నారు. పొడవాటి వెదురుకు కట్టిన చిక్కంతో ఒక్కో కాయనూ తొడిమతో సహా అందంగా దింపుతున్నారు. కాయలు ఆయన ముందు పెట్టి, కోసింది విజయ కాదు, నేను అన్నాను. మరియమ్మ అక్కడే ఉంది.

ఆయన ఒక కాయ తీసి, తొడిమ ఊడిన చోట సొన కారి నల్లబడ్డ మరక చూపించారు.

"తెలుసండీ. విజయమ్మగారు ఇన్నేళ్లలో ఒక్క కాయ ఇలా లాగడం నేను చూడలేదు. ఆవిడ కోస్తే జానెడు తొడిమ ఉంటుంది."

మరి ఎందుకు ఊరుకున్నారని అడిగాను. ఆవిడ నేనే కోశానన్నాక కాదంటే ఆవిడ మాటను కాదన్నట్టు కదండీ అన్నారు. మరియమ్మ వైపు తిరిగి క్షమించమని అడిగాను. ఆవిడ కంగారుపడి, అయ్యో అంత మాటెందుకమ్మా, ప్రార్థనకు వెళ్తున్నారా అంది. వెళ్తున్నానని చెప్పాను. దారిలో బాపులపాడు దగ్గర పద్మజ కారు ఆపించి, చర్చిలో వెనక బెంచీ మీద పది నిమిషాలు కూర్చున్నాను. మరియమ్మ కోసం మొదట, నాకోసం తరువాత. ఆ ఒక్కచోట వరస తప్పలేదు.

కానీ అంతకు ముందు గేటు దగ్గర విజయ మమ్మల్ని సాగనంపడానికి వచ్చింది. పద్మజ కారు స్టార్టు చేసింది. నేను ఇంకా ఎక్కలేదు.

"మా ఊరు రావే. ఇవాళే రా. కారులో జంక్షన్ దాకా, అక్కణ్నుంచి బస్సు. మంగినపూడి తీసుకెళ్తాను," అన్నాను. రాత్రంతా కూడబలుక్కున్న మాట. నోటికి అలవాటు లేక గబగబా వచ్చింది.

విజయ తోట వైపు చూసింది. కోతలు నెలాఖరు దాటుతాయని, పొద్దునా సాయంత్రం తోట తిరుగుతానని బాషా గారికి ఇచ్చిన మాట ఉందని చెప్పింది. నేను నిజం ఒప్పుకున్నాను కదా, ఇంకా ఆ మాట ఎందుకని అడిగాను. ఇచ్చింది నేను, నువ్వు ఒప్పుకుంటే అది తీరిపోదు అంది. నేను కోసిన మూడు కాయల వల్ల ఆమె ఊరు కదలడానికి లేదు. నా ముఖం ఎలా అయిపోయిందో, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"రాలేదని మళ్లీ కోపం పెట్టుకోకు. పిలిచావు కదా. ఈ ఏటికి నాకు అది చాలు."

కారు కదిలాక పద్మజ ఏదో చెబుతూనే ఉంది, నేను వినలేదు. ఇరవై రెండు బుట్టలు అందుకుని, ఇంకా రెండు రాలేదని నేను అంత దూరం వెళ్లాను. ఆమె ఇన్నేళ్లకు ఒక్క పిలుపు వస్తే, అదీ వెళ్లడానికి వీల్లేనిది, చాలంది. చాలంటే నిజంగా చాలన్నట్టే ఉంది ఆమె ముఖం. జంక్షన్‌లో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఆ ముఖమే. అంత తక్కువతో తృప్తిపడటం నాకు ఎప్పటికైనా వస్తుందా అని, ఇంటికి వచ్చి ఇన్ని రోజులైనా, విజయను చూసి ఇంకా కుళ్లుకుంటూనే ఉన్నాను.